నాలుగు దిక్కులు, ఆరు ముఖాలు: డిజిటల్ భూ రికార్డుల్లో హద్దు

ఈ వ్యాసం చదవడం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లోనో, దగ్గరి బంధువుల ఇంట్లోనో ఒక రిజిస్టరు దస్తావేజు ఉంటుంది. దాని చివరి పేజీల్లోని షెడ్యూలు తీసి చదవండి. ముందు పేజీలన్నీ ఎవరు అమ్మారు, ఎవరు కొన్నారు, ఎంత సొమ్ము ముట్టింది అనే సంగతులు చెబుతాయి. అమ్మిన వస్తువు ఏదో చెప్పేది మాత్రం ఆ షెడ్యూలే. మన పెద్దలు దాన్ని చెక్కుబందీ అనేవారు.

నా దగ్గర ఉన్నది హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటు మూడో అంతస్తులోని ఫ్లాటు దస్తావేజు. అందులో హద్దులు ఇలా ఉన్నాయి. తూర్పు: కారిడారు. దక్షిణం: మెట్లు, లిఫ్టు. పడమర: పక్క ఫ్లాటు. ఉత్తరం: ఓపెన్ టు స్కై. ఆకాశం నాకు ఉత్తరపు హద్దు అని స్టాంపు వేసి మరీ ఇచ్చారన్నమాట. మొదట నవ్వుకున్నాను, తర్వాత ఆలోచనలో పడ్డాను. నాలుగు దిక్కులూ చెప్పిన ఈ పత్రం నా ఇంటికి పైన ఏముందో, కింద ఏముందో ఒక్క మాటైనా చెప్పలేదు. పెట్టెకు ఆరు ముఖాలు ఉంటాయి. నా పత్రంలో నాలుగే ఉన్నాయి.

గత యూనిట్లలో మీరు భూ రికార్డుల కంప్యూటరీకరణ క్రమాన్ని, పథకాల పేర్లను చదివారు. ఆ సంగతులు ఇక్కడ మళ్లీ చెప్పను. విమర్శకుడు ఒక కథను చదివేటప్పుడు కథ ఏమి చెప్పింది, ఏమి చెప్పకుండా వదిలింది, ఎవరి పక్షాన చెప్పింది అని చూస్తాడు. భూమి హద్దును కూడా అదే విధంగా చదవవచ్చు. చదవాలి కూడా, ఎందుకంటే కథలో వదిలేసిన మాట వల్ల ఎవరి ఇల్లూ మునగదు.

మాటల్లో హద్దు

పాత దస్తావేజుల్లో ‘తూర్పు: ఫలానావారి మెరక పొలం, దక్షిణం: పంట బోదె, పడమర: బండ్ల దారి, ఉత్తరం: ఫలానావారి గట్టు’ అన్న వరుస కనిపిస్తుంది. ఇందులో ఒక్క కొలత కూడా లేదు. అయినా తరాల పాటు ఊళ్లు ఈ మాటలతోనే నడిచాయి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షను కోరేది కూడా ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపోయేంత వివరణను. పటం తప్పనిసరిగా ఉండాలని ఆ సెక్షను అనలేదు.

ఇంకో విషయం గమనించండి. పత్రంలో రాసిన విస్తీర్ణానికీ, చెప్పిన హద్దులకూ పొంతన కుదరనప్పుడు మన కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి. పత్రంలో రెండెకరాలని రాసి ఉండి, చెప్పిన నాలుగు హద్దుల మధ్య రెండెకరాల పది సెంట్లు ఉంటే, కొన్నవారికి చెందేది ఆ హద్దుల మధ్య ఉన్న నేల అన్నది సాధారణ సూత్రం. దీని వెనుక ఒక తెలివిడి ఉంది. విస్తీర్ణం ఎవరో ఒకరు కట్టిన లెక్క. హద్దు ఇద్దరికి తెలిసిన సంగతి. పక్క పొలం ఆసామి ఒప్పుకుంటేనే హద్దు హద్దవుతుంది. కాబట్టి హద్దు నా భూమికి మాత్రమే చెందిన గుణం అనుకోకండి. అది నాకూ నా పొరుగువారికీ మధ్య ఉన్న సంబంధం. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే మిగతా వ్యాసం తేలికగా అర్థమవుతుంది.

మాటల హద్దును మరీ నెత్తికెత్తుకోవద్దు. హద్దుగా పేర్కొన్న మనిషి చనిపోతాడు, ఆయన పొలం ముగ్గురు కొడుకుల మధ్య మూడు ముక్కలవుతుంది, వేపచెట్టు గాలివానకు కూలుతుంది, బోదె పూడిపోతుంది. పైగా హద్దులో పేరు ఎక్కేది పట్టాదారుదే. ఆ గట్టు మీద రోజూ నడిచే కౌలురైతు పేరు గాని, ఆ ఇంటి ఆడవారి పేరు గాని అందులో కనబడటం అరుదు.

గొలుసు పట్టిన హద్దు

మాటల తర్వాత వచ్చింది గొలుసు. గుంటర్ గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. ఒక లింకు అంటే 7.92 అంగుళాలు, దాదాపు 20 సెంటీమీటర్లు. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. ఈ లెక్క పుణ్యమా అని ఎకరాన్ని వంద సెంట్లుగా చేయడం సులువైంది. తెలంగాణలో నలభై గుంటలు ఎకరం, గుంటకు 121 గజాలు.

ఆంధ్ర జిల్లాల్లో ఒక్కో సర్వే నంబరుకు ఒక పటం గీసి ఎఫ్‌ఎంబీ అనే పుస్తకంలో కట్టారు. పూర్వపు హైదరాబాదు రాష్ట్రంలో ఆ పని చేసింది టిపన్. ఎఫ్‌ఎంబీ పుట ఒకటి సంపాదించి చూడండి. పొలాన్ని అడ్డగీతలతో త్రిభుజాలుగా విడగొట్టి, ఆ గీతల నుంచి వంపుల దాకా లంబదూరాలు కొలిచి, ప్రతి కొలతనూ లింకుల్లో అంకెలుగా రాస్తారు. హద్దురాళ్లు ఎక్కడున్నాయో గుర్తులు ఉంటాయి. నాకు ఈ పటం అంటే గౌరవం. కారణం దాని అందం మాత్రం కాదు, చేతిరాత కొన్ని చోట్ల చదవలేం. అది ఆకారాన్ని చూపి ఊరుకోకుండా ఆ ఆకారం ఏ కొలతల నుంచి వచ్చిందో పక్కనే రాసింది. మీకు అనుమానం వస్తే గొలుసు పట్టుకుని మళ్లీ కొలుచుకోవచ్చు. కొలతను లింకుల్లోనే రాసింది కాబట్టి, సెంటీమీటరు ఖచ్చితత్వం తనకుందని గొప్పలూ పోలేదు.

ఇంకా ముఖ్యమైనది, 1923 నాటి సర్వే, హద్దుల చట్టం కింద హద్దు నిర్ణయం ఒక విచారణ. నోటీసు ఇవ్వాలి, వివాదం ఉంటే ఇరుపక్షాలూ చెప్పేది వినాలి, తీర్పు నచ్చనివారికి అప్పీలు ఉంది, ఆపైన సివిల్ కోర్టు ఉంది. అమలులో ఎన్ని లోపాలున్నా, గీత గీయడానికి ముందు ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడాలన్న ఊహ ఆ చట్టంలో ఉంది.

గీతకు వెడల్పు లేదు

కంప్యూటరులో పొలం ఒక బహుభుజి. ప్రతి మూలకూ రెండు నిరూపకాలు ఉంటాయి. ఆ మూలల్ని వరుసగా కలిపితే ఆకారం, దాని నుంచి విస్తీర్ణం వస్తాయి. బొమ్మ శుభ్రంగా ఉంటుంది. ఆ శుభ్రతే మనల్ని మోసగించగలదు.

ఒక లెక్క చేద్దాం. అక్షాంశాన్ని డిగ్రీల్లో ఏడు దశాంశ స్థానాల దాకా రాస్తే చివరి అంకె నేలమీద సుమారు ఒక సెంటీమీటరు. పాత ఎఫ్‌ఎంబీని స్కాను చేసి, మూలల్ని గుర్తించి ఇలా ఏడు స్థానాలతో భద్రపరిస్తే ఏమవుతుంది? 20 సెంటీమీటర్ల లింకుతో కొలిచిన దాన్ని సెంటీమీటరు వేషం కట్టించి నిలబెట్టినట్లవుతుంది. 1:5000 స్కేలున్న గ్రామ పటం నుంచి తీసుకుంటే పరిస్థితి ఇంకా ఘోరం. ఆ పటంలో అర మిల్లీమీటరు మందం గల సిరా గీత నేలమీద రెండున్నర మీటర్లను కప్పేస్తుంది. ఆ రెండున్నర మీటర్లలో ఎక్కడ మౌసు నొక్కాలో నిర్ణయించింది ఎవరు? ఆ నిర్ణయం రికార్డులో కనిపించదు.

ఈ తేడా ఎంత విలువైనదో చూడండి. చదరంగా ఉన్న ఒక ఎకరానికి ఒక్కో భుజం సుమారు 63.6 మీటర్లు. ఒక భుజం ఒక్క లింకు జరిగితే దాదాపు 12.7 చదరపు మీటర్లు, అంటే 15 గజాలు అటు నుంచి ఇటు వస్తాయి. వరి పొలంలో సెంటులో మూడో వంతు కోసం ఎవరూ కోర్టుకు వెళ్లరు. అదే పొలం పక్కన నాలుగు వరసల రోడ్డు పడి, గజాల్లో బేరం మొదలైతే ఆ పదిహేను గజాల కోసం అన్నదమ్ములే మాట్లాడుకోవడం మానేస్తారు.

న్యాయంగా చెప్పుకోవాలి. అన్ని డిజిటల్ పటాలూ పాత కాగితాల నకళ్లు కావు. 2020 ఏప్రిల్ 24న మొదలైన స్వామిత్వ పథకం డ్రోన్లతో గ్రామాల్లోని ఇళ్ల స్థలాలను కొలిచే పని పెట్టుకుంది. గ్రామకంఠం అని ఒక్క మాటతో వదిలేసిన నేల మీద ఇంటింటికీ గీత పడటం చిన్న సంగతి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది డిసెంబరులో ప్రారంభించిన రీసర్వేలో డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలు అందుకునే రోవర్లు వాడి కొత్తగా కొలిచారు. రీసర్వే పూర్తయిన గ్రామాల్లో పాత సర్వే నంబరు స్థానంలో ఎల్‌పీ నంబరు వచ్చింది. ఈ కొలతలు లింకుల కంటే నిస్సందేహంగా మెరుగైనవి. నా ప్రశ్న వేరు. మెరుగ్గా కొలిచింది దేనిని?

మా ఊళ్లో మా పొలానికీ పక్క పొలానికీ మధ్య మూడడుగుల గట్టు ఉంది. గట్టు మీద రెండు తాటిచెట్లు ఉండేవి. కొలతలకు వచ్చిన సర్వేయరు కుర్రవాడు మర్యాదస్తుడు. రోవరు కర్ర పట్టుకుని, ‘పాయింటు గట్టు మధ్యలో పెట్టనా సార్, అంచున పెట్టనా?’ అని అడిగాడు. అరవై ఏళ్లు దాటిన నన్ను ఆ ప్రశ్న ఎవరూ అంతకుముందు అడగలేదు. పక్క పొలం పెద్దాయనకు ఎనభై దాటాయి. ఆయన నా వైపు తిరిగి, ‘గట్టు ఇద్దరిదీ బాబూ. ముంజలు ఒక ఏడు మీరు, ఒక ఏడు మేము. ఆ ముక్క ఆ కర్రకు చెప్పు’ అన్నాడు. కర్రకు చెప్పడం కుదరలేదు. ఇద్దరం మధ్యలో పెట్టమన్నాం. చెట్లు రెండూ మధ్యకు కాస్త తూర్పుగా ఉన్నాయి, ఆయన వైపు. ఆ పెద్దాయన పోయిన తర్వాత పట్నంలో ఉండే మనవలు ఫోనులో పటం చూసి, చెట్లు తమ గీత లోపలే ఉన్నాయని తేల్చుకుని వాటిని కొట్టించి అమ్ముకున్నారు. వాళ్ల తప్పేమీ లేదు. పటం ప్రకారం వాళ్లదే న్యాయం.

మూడడుగుల గట్టు ఎకరం పొలం ఒక భుజం పొడవునా ఉంటే దాని విస్తీర్ణం 58 చదరపు మీటర్లు, అంటే సెంటున్నరకు దగ్గర. గట్టు నేల మీద ఉన్న వస్తువు, దానికి వెడల్పు ఉంది, దాని మీద చెట్లుంటాయి, మనుషులు నడుస్తారు. గీతకు వెడల్పు ఉండదు. ఇక్కడ కొలతలో లోపం లేదు. ఉమ్మడిగా ఉన్నదాన్ని ఉమ్మడిగా రాసుకునే గడి రికార్డులో లేకపోవడమే లోపం. తెలంగాణలో గెట్టు పంచాయితీ అనే మాటే ఉంది. పంచాయితీ చేసి ఒప్పించాల్సినదాన్ని కొలిచి ముగించగలం అనుకోవడం తొందరపాటు.

మరో చిక్కు ఉంది. రెండు పొలాలను రెండు వేర్వేరు బహుభుజులుగా దాచితే వాటి మధ్య గీతను రెండుసార్లు దాచినట్లు. ఆ రెండూ వెంట్రుకవాసి తేడాతో ఉన్నా ఒకచోట సన్నని ఖాళీ, మరోచోట సన్నని అతివ్యాప్తి వస్తాయి. ఎవరికీ చెందని నేల, ఇద్దరికీ చెందిన నేల కంప్యూటరులో పుడతాయి. గీతను ఒక్కసారే దాచి, దీనికి ఎడమన ఫలానా కమతం, కుడిన ఫలానా కమతం అని రాస్తే ఈ బాధ ఉండదు. గమనించారా, ఈ రెండో పద్ధతి పాత చెక్కుబందీ చేసిన పనే. పొరుగువారి పేరు లేకుండా హద్దు చెప్పడం దానికి తెలియదు.

ప్రమాణం చెప్పేది

భూ పరిపాలన సమాచారానికి 2012లో ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. దాని సంఖ్య ఐఎస్‌ఓ 19152. వ్యక్తులు, వారి హక్కులు, ఆంక్షలు, బాధ్యతలు, ఆ హక్కులు వర్తించే స్థలభాగాలు అనే అంశాలను ఎలా కలిపి దాచాలో అది చెబుతుంది. ఇలాంటి ప్రమాణాలు చదవడం గడ్డి నమిలినట్లుంటుంది, ఒప్పుకుంటాను. కాని ఇందులో మూడు ఊహలు ఉన్నాయి, ఓపిక పట్టి చదవదగ్గవి.

స్థలభాగాన్ని మాటల్లో వర్ణించినా, చిత్తుబొమ్మగా ఇచ్చినా, ఒక్క బిందువుగా చూపినా, విడివిడి గీతలతో గీసినా, బహుభుజిగా ఇచ్చినా, పొరుగు సంబంధాలతో సహా ఇచ్చినా ఈ ప్రమాణం స్వీకరిస్తుంది. మన చెక్కుబందీకి అందులో చోటుంది. పటం లేదని హక్కును బయటకు నెట్టదు. ప్రతి బిందువుతో పాటు అది ఎంత ఖచ్చితమైనదో, ఏ కొలత పత్రం నుంచి వచ్చిందో రాసుకోవడానికీ వీలుంది. ఎఫ్‌ఎంబీలోని నిజాయితీకి ఇది కంప్యూటరు రూపం. మన చేతికి వచ్చే పటం ప్రింటులో ఈ రెండు వివరాలు ఉన్నాయేమో వెతికి చూడండి.

మూడో ఊహ అన్నిటికంటే లోతైనది. కాగితం మీద మనం గీసే హద్దు గీత నిజానికి గీత కాదట. అది పైకీ కిందికీ అంతులేకుండా సాగే నిలువు గోడకు అడుగు జాడ. అంటే పొలం పటం చూస్తున్నప్పుడు మీరు చూస్తున్నది చదునైన ముక్క అనుకోవద్దు, ఒక నిలువు స్తంభాన్ని పైనుంచి చూస్తున్నారు. పైకప్పు గాని అడుగు గాని నిర్ణయించని స్తంభం అది. ఈ చూపు అలవడితే రెండు కొలతల రికార్డు, మూడు కొలతల రికార్డు వేర్వేరు లోకాలు కావని తెలుస్తుంది. రెండు కొలతల కమతం కూడా మూడు కొలతలదే, పైన కింద రాయలేదంతే. పక్కన అపార్ట్‌మెంటు ఉన్న ఖాళీ స్థలానికి మూడు వైపులా ఈ అంతులేని గోడలు, నాలుగో వైపు మాత్రం అంతస్తు అంతస్తుకూ వేర్వేరు ముఖాలు ఉండవచ్చు. అలాంటి గడపమీది కమతాలను కూడా ఈ ప్రమాణం లెక్కలోకి తీసుకుంది.

స్తంభాన్ని కోయడం

నేల ఎవరిదో పైన ఆకాశం దాకా, కింద పాతాళం దాకా వారిదే అని ఐరోపా న్యాయశాస్త్రంలో పాత మాట ఒకటి ఉంది. 1946లో అమెరికా సుప్రీంకోర్టు ఆధునిక ప్రపంచంలో ఆ మాటకు చోటు లేదంది. ఉత్తర కరోలినాలో ఒక కోళ్ల ఫారం మీదుగా సైనిక విమానాలు 83 అడుగుల ఎత్తున ఎగురుతుంటే కోళ్లు బెదిరి చచ్చాయి. ఆకాశమంతా యజమానిది కాదు గాని, అతడు వాడుకునేంత ఎత్తు అతడిదేనని, కాబట్టి పరిహారం ఇవ్వాలని కోర్టు తేల్చింది. ఆ ఎత్తు ఎన్ని అడుగులో మాత్రం చెప్పలేదు.

మన దగ్గరికి వద్దాం. గోదావరి జిల్లాల్లో పొలాల అడుగున గ్యాసు పైపులు ఉన్నాయి. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం కింద భూమి రైతు పేరునే ఉంటుంది. పైపు వేసి వాడుకునే హక్కు మాత్రం వేరొకరికి పోతుంది. రైతు పంట వేసుకోవచ్చు. ఆ వార మీద ఇల్లు కట్టకూడదు, బావి తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. అదే చేను మీదుగా హైటెన్షన్ తీగలు పోతుంటే పైనా అడ్డే. చట్టం దృష్టిలో ఆ పొలం పొరలు పొరలుగా ఉంది. అడంగల్‌లో మాత్రం ఒక సర్వే నంబరు, ఒక విస్తీర్ణం. లోతు అనే గడి అందులో లేదు. ఆ పొలం కొనబోయేవారు పటం చూసి పైపు సంగతి తెలుసుకోలేకపోతే, ఆ పటం అబద్ధం చెప్పినట్లా, నిజం దాచినట్లా? మీరే ఆలోచించండి.

స్లాబు ఎవరిది?

ఇప్పుడు నా మూడో అంతస్తుకు. నా స్నానాల గది కప్పు నుంచి రెండేళ్ల పాటు నీరు కారింది. పైవారు నెమ్మదస్తులే. ‘కారేది మీ కప్పు కదండీ’ అని వారు, ‘పాడైంది మీ నేల కదండీ’ అని నేను. ఆరు అంగుళాల మందమైనా లేని ఆ కాంక్రీటు పలక వారికి నేల, నాకు కప్పు. దస్తావేజులు రెండూ తెచ్చి చూశాం. రెండింటిలోనూ తూర్పు, పడమరలే. చివరికి ఖర్చు చెరి సగం పెట్టుకున్నాం. అది సర్దుబాటే గాని, నియమం మాకు ఇప్పటికీ తెలియదు.

1987లో వచ్చిన మన అపార్ట్‌మెంట్ల చట్టం పునాదులు, స్తంభాలు, దూలాలు, ముఖ్యమైన గోడలు, పైకప్పు ఉమ్మడివని చెబుతుంది. మంచిదే. ఆ చట్టం దృష్టిలో రెండంతస్తుల మధ్య పలక మీద వేసిన నీటినిరోధక పూత, దాని మీది టైలు ఎవరివని అడిగితే దస్తావేజు నుంచి జవాబు రాదు. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాను జాగ్రత్తగా నిర్వచించింది. బయటి గోడలు, బాల్కనీ తీసేయాలి, లోపలి అడ్డగోడలు కలపాలి అంది. కొనుగోలుదారులకు అది నిజంగా మేలు చేసింది. అయితే అదీ చదరపు అడుగుల లెక్కే, ఎత్తు ఊసు లేదు.

ఇతరులు ఈ ప్రశ్నకు ఏమి జవాబు చెప్పారో చూడండి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ పక్కపక్క రాష్ట్రాలు. సిడ్నీలోనూ బ్రిస్బేన్‌లోనూ మన తెలుగువారు ఫ్లాట్లు కొని ఉంటున్నారు. అంతస్తుల వారీ యాజమాన్యానికి 1961లోనే చట్టం చేసిన న్యూ సౌత్ వేల్స్‌లో సాధారణంగా మీ హద్దు గోడ లోపలి ముఖం, నేల పై ముఖం, కప్పు అడుగు ముఖం. వాటి మధ్య ఉన్న గాలి మీది, కాంక్రీటు అందరిది. క్వీన్స్‌లాండ్‌లో భవన రూపంలో గీసిన పటమైతే హద్దు గోడకు, నేలకు, కప్పుకు నడిమధ్య పోతుంది. సగం పలక మీది, సగం పైవారిది. ఒకే రకం ఇల్లు, ఒకే దేశం, రెండు జవాబులు. కప్పుకు ఫ్యాను కొక్కెం బిగిస్తే సిడ్నీలో అది ఉమ్మడి ఆస్తిలోకి దిగుతుంది, బ్రిస్బేన్‌లో మీ సొంత సగంలోకి. ఏది మంచిదన్న వాదన ఇక్కడ అనవసరం. ఇద్దరూ ఏదో ఒకటి తేల్చుకుని రాసిపెట్టారు, మనం రాయలేదు.

ఇప్పుడు మన దేశంలో ప్రతి కమతానికీ 14 అక్షరాంకెల విశిష్ట సంఖ్య ఇస్తున్నారు. భూ ఆధార్ అని పత్రికలు రాసేది దీన్నే. ఆ సంఖ్యకు ఆధారం కమతం మూలల అక్షాంశ రేఖాంశాలు. పొలానికి ఇది చక్కని ఏర్పాటు. పది అంతస్తుల భవనంలో ఒకదాని మీద ఒకటిగా ఉన్న పది ఫ్లాట్లకు అక్షాంశ రేఖాంశాలు ఒకటే అన్న సంగతి మాత్రం మరవకూడదు. ఇక దస్తావేజులో రాసే అవిభక్త వాటా సంగతి: నలభై గజాల వాటా అంటారు, ఆ నలభై గజాలు నేల మీద ఎక్కడున్నాయో ఎవరూ చూపలేరు. చూపనక్కర్లేదు కూడా. అది భిన్నంగా రాసుకోవలసిన హక్కు, బొమ్మగా గీయవలసినది కాదు. గీయకూడని దాన్ని గీయకుండా ఉండటం కూడా రికార్డు తెలివే.

బొమ్మ చాలదు

మూడు కొలతల రికార్డు గురించి మాట్లాడేవారు తరచు డెల్ఫ్ట్‌ను ఉదాహరణగా చెబుతారు. నెదర్లాండ్స్‌లోని ఆ పట్టణంలో రైలు మార్గం సొరంగంలోకి పోయింది, దాని మీద స్టేషను, నగరపాలక కార్యాలయం కట్టారు. ఎవరి భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పైనుంచి చూసిన పటంలో చెప్పాలంటే నేలను అర్థంలేని చిన్న ముక్కలుగా కోయాలి. అందుకని 2016లో హక్కుల పత్రంతో పాటు మూడు కొలతల బొమ్మను నమోదు చేశారు. తిప్పి తిప్పి చూడగలిగే పీడీఎఫ్ అది. ఆ దేశంలో అలాంటి నమోదు అదే మొదటిది.

నేను దీన్ని మెచ్చుకుంటాను, ఒక మెలికతో. అక్కడ బొమ్మ పని చేసింది, ఎందుకంటే దానికి ముందే రైల్వే, నగరపాలక సంస్థ కూర్చుని ఎవరిది ఏమిటో ఒప్పుకున్నాయి. బొమ్మ ఆ ఒప్పందాన్ని చూపింది, పుట్టించలేదు. రంగురంగుల భవన నమూనా తెర మీద గిరగిరా తిరుగుతుంటే సమస్య తీరిపోయిందని మనకు అనిపిస్తుంది. నా స్లాబును ఎంత అందంగా గీసినా అది ఎవరిదో ఆ బొమ్మ చెప్పదు.

2025 ఫిబ్రవరిలో మొదలైన నక్షా కార్యక్రమం 152 పట్టణాల్లో ఆకాశం నుంచి చిత్రాలు తీసి పట్టణ భూములకు పటాలు తయారు చేయాలని తలపెట్టింది. నక్ష మనకు కొత్త మాట కాదు, మన తాతల నోట ఉన్నదే. ఈ పని అవసరం. అయితే నా సలహా అడిగితే, పల్లె పొలాలకు మూడో కొలత కోసం తొందరపడవద్దంటాను. ఆ డబ్బుతో ప్రతి మూలబిందువు పక్కన ఎవరు కొలిచారు, దేనితో కొలిచారు, అప్పుడు పొరుగువారు ఉన్నారా, ఒప్పుకున్నారా అన్న నాలుగు వివరాలు చేర్చవచ్చు. ఉమ్మడి గట్టుకు ఉమ్మడి అని రాసుకునే వీలు కల్పించవచ్చు. పైపులు, తీగలు ఉన్నచోట మాత్రం లోతు, ఎత్తు రాయాలి. ఫ్లాట్లకు బొమ్మ కంటే ముందు రెండు వాక్యాలు కావాలి: పై హద్దు ఏది, కింది హద్దు ఏది. అవి రాయడానికి ఉపగ్రహం అక్కర్లేదు. దస్తావేజు నమూనాలో రెండు వరుసలు పెంచితే చాలు. కంప్యూటరు నిపుణులకు ఈ సలహా చప్పగా ఉంటుందని నాకు తెలుసు.

మీరు చేయవలసిన పని

మొదట తీసిన దస్తావేజును మళ్లీ తీయండి. పొలానిదైతే నాలుగు హద్దుల్లో పేర్కొన్నవి నేడు ఎన్ని మిగిలాయో ఇంట్లో పెద్దవారిని అడిగి రాయండి. డిజిటల్ పటం దొరికితే గట్టు గాని దారి గాని గీతకు ఏ వైపున పడిందో చూడండి. ఫ్లాటుదైతే షెడ్యూలు కింద ‘పైన’, ‘కింద’ అని రెండు వరుసలు చేర్చి వాటిని ఒక్కో వాక్యంతో పూరించండి. నా పత్రానికి నేనూ ఈ పని చేశాను. ‘పైన’ అన్నచోట నాలుగో అంతస్తు ఫ్లాటు నంబరు వేశాను. దాని పక్కన ‘స్లాబు’ అని రాసి, ఇంకా ఖాళీ వదిలే ఉంచాను.